చరిత్రాచార్యుడైన రాయబారి

మా గుంటూరు సీమవారికి నిజాము రాజ్యమనగానే రెండు సంగతులు జ్ఞప్తికి వచ్చును. మొదటిది పాతది. పత్తిచేలకును మిరపతోటలకును పేరుపొందిన ఈ సీమ ఒకనాడు గుంటూరు సర్కారను పేర నిజామునకు చెందియుండి, 1788లో ఇంగ్లీషు కంపెనీ వశమైనది. రెండవది మా తాతలు కన్నులార చూచినది. 1947, 1948 సంవత్సరములలో రజాకార్ల బాధ పడలేక, నల్లగొండ వైపునుండి జనులు మూటాముల్లెలతో కృష్ణ దాటి పల్నాటి యొడ్డున దిగిరి. ఆ కథ చెప్పుకొనునప్పుడు కాసిం రజ్వీ పేరు మరువము. కాని ఆ గుంపుతో కలియనొల్లక, ఆ ప్రభుత్వమునుండియే తొలగిపోయిన యొక చరిత్రోపాధ్యాయుని మాత్రము మనలో పెక్కురెరుగరు. ఆయన నవాబు అలీ యావర్ జంగు.

ఆయన 1906లో హైదరాబాదున జన్మించెను. తల్లి తయ్యిబా బేగము, విద్యావేత్తయగు సయ్యదు హుసేన్ బిల్గ్రామీ కుమార్తె. ఆమె 1910లో మదరాసు విశ్వవిద్యాలయ పట్టము పొందెను. మన దేశమున పట్టభద్రురాండ్రయిన ముస్లిం స్త్రీలలో ఆమెయే తొలియామెయని చెప్పుదురు. మన గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు శారదానికేతనమును నెలకొల్పుటకు పన్నెండేండ్లు ముందటి మాట యిది. పరదా మర్యాదలు గల కుటుంబమున తల్లి పరీక్షకు చదువుచుండగా చూచిన పసివానికి, లోకము నడచిన దారియే దారి కాదనుట ఒకరు వేరుగా చెప్పవలసిన పని యేమి?

ఆక్సుఫర్డులో చదివి వచ్చి, ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమున చరిత్రయు రాజనీతియు బోధించెను. 1918లో స్థాపితమైన ఆ విద్యాలయమున బోధన యంతయు ఉర్దూలో సాగుచుండెను. తరువాత ఆయనను నిజాము తన కొలువునకు తీసికొనెను. 1946లో మంత్రిపదవి వచ్చెను.

అక్కడ చరిత్ర పుస్తకమునుండి లేచి వాకిటికి వచ్చినది. ఇంగ్లీషువారు దేశము విడుచునప్పుడు హైదరాబాదు ఏమి కావలెను? 1947 జూలైలో ఛత్తారీ నవాబుతో కూడ ఢిల్లీకి సంప్రదింపులకు పోయినవారిలో ఈయనయు నుండెను. ఇత్తెహాదు వారికి మాత్రము ఒడంబడిక యన్న మాటయే గిట్టలేదు. వారి ఒత్తిడి పెరుగగా ఆయన ఆ యేడే పదవిని విడిచెను. అక్టోబరు 27వ తేదీ తెల్లవారకమునుపే ఒక పెద్ద గుంపు ఛత్తారీ మొదలగు రాయబారుల యిండ్లను చుట్టుముట్టి వారి ప్రయాణము నాపెను. పిమ్మట జరిగినది మనకు తెలియును. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యము ప్రవేశించెను. అయిదు దినములలో అంతయు ముగిసెను. నడుమ నలిగినవారు పల్లెలవారు, రెండు మతములవారును.

శాంతి నెలకొన్న పిదప ఆయన మరల ఉస్మానియా ఉపాధ్యక్షుడాయెను. ఉర్దూ బోధన పోయి ఇంగ్లీషు వచ్చినది ఆ కాలముననే. తెలుగుబిడ్డకు అదియు ఇదియు పరభాషలేయని మేము చింతింపకపోము.

1952 నుండి ఆయన మన దేశమునకు రాయబారి. ముందు అర్జెంటీనా, 1954లో ఈజిప్టు. 1956 జూలైలో నాసరు సూయజు కాలువను జాతీయము చేసెను. అక్టోబరు చివర ఇజ్రాయేలు, బ్రిటను, ఫ్రాన్సులు ఆ దేశముపై బడెను. భారతదేశము ఆ దండయాత్రను ఖండించెను. ఆ దినములలో కైరోలో మన దేశపు గొంతు ఈ పాత చరిత్రాచార్యునిదే. ఒక కంపెనీ ఒక దేశపు భూమిని ఎట్లు తనది చేసికొనునో గుంటూరు సర్కారు కథ తెలిసిన తెలుగువారికి వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. అటుపిమ్మట యుగోస్లావియా, ఫ్రాన్సు, చివరకు అమెరికా.

ఈ పదవుల నడుమ 1965లో ఆయన అలీగఢు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై వెళ్లెను. అచ్చటి విద్యార్థులకే లోపల కేటాయించిన స్థానములను నూటికి 75 నుండి 50కి తగ్గింపగా, ఏప్రిలులో కొందరు విద్యార్థులు ఆయనపై బడి తీవ్రముగా గాయపరచిరి. ఆయన కోలుకొని మరల ఆ పీఠముననే కూర్చుండెను. 1968 వరకు విడువలేదు.

ఆయన జీవితమున లోపము లేదా యనినచో, కలదు. పెక్కేండ్లు ప్రజలకు బాధ్యత లేని ప్రభుత్వమును కొలిచెను. దానిని మేము దాచము. కాని పరులను నిందించుట సులభము. తనవారనుకొన్నవారే త్రోవ తప్పునప్పుడు వారితో నడువక నిలుచుట దుర్లభము. ఆయన ఆ పని రెండు మారులు చేసెను. మొదటిసారి పదవిని పోగొట్టుకొనెను. రెండవసారి రక్తము చిందించెను.

1976 డిసెంబరులో మహారాష్ట్ర గవర్నరుగా నుండగనే ఆయన గతించెను. బొంబాయిలో చెవిటివారి సేవకై వెలసిన జాతీయ సంస్థకు ఆయన పేరు పెట్టిరి.

చదువరులారా, మన యిండ్ల పిల్లలు చరిత్రను తేదీలుగా వల్లించుచున్నారు. మన కులమో, మతమో, ఊరో తప్పు చేసిన నాడు ఆ చదువు వారిచేత ఏమి పలికించునో మనము విచారించుచున్నామా? ఆ విచారణ బడిలో మొదలుకాదు. పరీక్షకు చదువుకొను తల్లి ప్రక్కన మొదలగును.