లంగరు వేసిన ఓడల దగ్గరకు వెళ్ళినవారు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన సంఘం కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, ముప్పై ఆరేళ్ళు నోట్‌ఫైళ్ళు, రిమైండర్లు రాసిన చేతికి చరిత్ర ఏం అబ్బుతుందిలే అనుకున్నాను. అయితే నాలుగైదేళ్ళుగా ఒక సంగతి మనసులో ఉండిపోయింది. దాన్ని మీ ముందు పెట్టడానికి ఇదే అదను అనిపించి కలం పట్టాను.

మా మేనల్లుడు సరుకు ఓడల్లో ఇంజనీరు. 2020లో కరోనా వచ్చినప్పుడు వాడి ఒప్పందం ముగిసినా దిగడానికి ఏ రేవూ ఒప్పుకోలేదు. వాడొక్కడే కాదు, ఆ ఏడాది చివరికి ప్రపంచం మొత్తం మీద సుమారు 4 లక్షల మంది నావికులు ఇళ్ళకు రాలేక ఓడల్లో చిక్కుపడిపోయారని ఐక్యరాజ్యసమితి చెప్పింది. ఇక్కడ మా చెల్లెలు రోజూ దీపం పెట్టి ఫోను వైపు చూస్తూ కూర్చునేది. ఒకనాడు ఫోను మోగింది. పరాయి దేశపు రేవులో ఒక పాదిరిగారు ఓడ మెట్ల దాకా వచ్చి, పైకి రావడానికి అనుమతి లేక, తాడు కట్టిన సంచిలో సిమ్ కార్డులు, ఉన్ని టోపీలు, మిఠాయిలు పంపించి, కింద నుంచే అందరి పేర్లూ అడిగి పలకరించి వెళ్ళారట. “ఆయన చొక్కా మీద ఎగురుతున్న దేవదూత బొమ్మ ఉంది మామయ్యా” అన్నాడు వాడు. ఆ బొమ్మ ఏమిటో తెలుసుకుందామని మొదలుపెట్టిన చదువే ఈ వ్యాసం.

ఆ బొమ్మ ‘మిషన్ టు సీఫేరర్స్’ అనే సంస్థది. ఇంగ్లండు దేశపు ఆంగ్లికన్ చర్చికి చెందిన సేవాసంస్థ. దక్షిణ భారతంలోని ఆంగ్లికన్ చర్చి 1947లో మరికొన్ని సంఘాలతో కలిసి సి.ఎస్.ఐ. అయింది గనుక ఆ శాఖ మన పాఠకులకు బొత్తిగా కొత్త కాదు.

దీని కథ 1835లో ఒక పిల్లవాడి ప్రశ్నతో మొదలైందని చెబుతారు. జాన్ ఆష్లీ అనే పాదిరి ఇంగ్లండు పశ్చిమ తీరాన బ్రిస్టల్ చానెల్ ఒడ్డున ఉన్న క్లీవ్‌డన్ అనే ఊళ్ళో విశ్రాంతిగా ఉన్నారు. ఎదురుగా సముద్రంలో రెండు చిన్న దీవులున్నాయి. ఆయన కొడుకు వాటిని చూపించి, అక్కడి వాళ్ళు చర్చికి ఎలా వెళ్తారు నాన్నా అని అడిగాడట. ఆష్లీ పడవ మాట్లాడుకుని దీవికి వెళ్ళారు. వెళ్ళిన తరువాత ఆయన కళ్ళు మరో వైపు పడ్డాయి. అవి తెరచాప ఓడల రోజులు. గాలి అనుకూలించకపోతే ఓడలు రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు లంగరు వేసుకుని నిలబడిపోయేవి. అలా నిలిచిన ఓడల గుంపును చూసి, వీళ్ళ మంచీ చెడ్డా ఎవరు కనుక్కుంటారు అని విచారిస్తే, ఎవరూ లేరని తేలింది.

ఆయన కుదురైన చర్చి ఉద్యోగం వదులుకుని ఆ ఓడల వెంట తిరగడం మొదలుపెట్టారు. చందాలు పోగుచేసి ‘ఐరీన్’ అనే చిన్న తెరచాప ఓడను కట్టించారు. ఐరీన్ అంటే గ్రీకు భాషలో శాంతి అని అర్థం. దాని లోపలి గదినే ప్రార్థన మందిరంగా మార్చుకునే ఏర్పాటు ఉండేది. శీతకాలపు తుఫానులు లెక్కచేయకుండా ఒక ఓడ నుంచి ఇంకొక ఓడకు వెళ్ళి పుస్తకాలిచ్చి, ప్రార్థన చేసి, కష్టసుఖాలు విచారించి వచ్చేవారు. ఇలా సుమారు పదిహేనేళ్ళు చేసి, ఆరోగ్యం చెడి 1850లో విరమించారు.

ఒక మనిషి మీద ఆధారపడిన పని ఆ మనిషితోనే ఆగిపోతుందని మనం ఎన్ని ఆఫీసుల్లో చూడలేదు! ఇదీ అలాగే కొన్నేళ్ళు ఆగిపోయింది. తరువాత కొందరు పెద్దలు పూనుకోగా, 1856లో ‘మిషన్స్ టు సీమెన్’ అనే పేరుతో పద్ధతైన సంస్థ ఏర్పడింది. ఆ పూనుకున్నవారిలో పిల్లలకు సముద్రపు కథలు రాసిన డబ్ల్యు.హెచ్.జి. కింగ్‌స్టన్ ఒకరు. 1858లో బైబిలు చివరి గ్రంథంలోని దేవదూతను జెండా మీదకు తెచ్చుకున్నారు. మా మేనల్లుడు చూసిన బొమ్మ అదే.

ఓడల వాళ్ళకు ఈ సహాయం ఎందుకు అవసరమైంది? రేవు పట్టణాల్లో ‘క్రింపులు’ అనే దళారులుండేవారు. నెలల తరబడి ప్రయాణం చేసి జీతం మూట చేత్తో పట్టుకుని దిగిన నావికుణ్ణి ఆప్యాయంగా తమ బసకు తీసుకెళ్ళి, తాగించి, అప్పుల పాలు చేసి, చివరికి మరో ఓడ కెప్టెనుకు అప్పగించేవారు. ఆ కొత్త ఉద్యోగం మీద వచ్చే అడ్వాన్సు జీతం ఆ దళారి జేబులోకే పోయేది. తల ఒక్కింటికి కెప్టెను ఇచ్చే సొమ్ము దానికి అదనం. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో రేవు ఇందుకు పేరుమోసింది. అక్కడ 1890లలో ఈ సంస్థ తరఫున పనిచేసిన జేమ్స్ ఫెల్ అనే పాదిరి ఈ దళారులతో బాహాటంగానే తలపడ్డారు. నావికుడికి ప్రసంగం కన్నా ముందు, మోసం లేని బస, డబ్బు దాచుకునే చోటు, ఇంటికి ఉత్తరం రాసుకోవడానికి ఒక బల్ల కావాలని ఇలాంటి వారికి అనుభవం మీద తెలిసింది. రేవు రేవునా వెలసిన నావికుల క్లబ్బులు ఆ ఎరుకతో పుట్టినవే.

దయ ఒక్కటే చాలదని చెప్పే ముచ్చట ఇంకొకటి. సరుకు ఎక్కువ వేసి ముంచేస్తున్న ఓడల మీద శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు పోరాడగా, 1876లో ఓడ పక్కన గీత గీయాలనీ, ఆ గీత నీటిలో మునిగేంత బరువు వేయకూడదనీ చట్టం వచ్చింది. కానీ ఆ గీత ఎక్కడ గీయాలో యజమాని ఇష్టానికే వదిలేశారు! 1890లో గానీ ఆ లోటు పూడలేదు. ప్రభుత్వ ఉత్తర్వు చదివేటప్పుడు చివరి పేరా దాకా చదవాలని మన పెద్ద గుమాస్తాలు ఊరికే చెప్పలేదు.

ఇక మనవాళ్ళ సంగతి. కోరంగి పేరు వినని గోదావరి జిల్లావాసి ఉండడు. 1839 నవంబరు తుఫానులో ఉప్పెన వచ్చి నాశనమయ్యే వరకు అది గొప్ప రేవు. కోరంగి, తాళ్ళరేవుల్లో ఓడలు కట్టేవారు. ఆ రేవు మీదుగా వలస వెళ్ళబట్టే బర్మాలో తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీలు’ అనే పేరు స్థిరపడింది. మన దేశపు నావికులను ఇంగ్లీషువారు ‘లస్కార్లు’ అనేవారు. తెల్ల నావికుడి కన్నా చాలా తక్కువ జీతం, తక్కువ తిండి, ఇరుకు చోటు వీరికి. లండనులో దిగాక తిరుగు ప్రయాణపు ఓడ దొరికే వరకు దిక్కులేక, చలికీ ఆకలికీ వీధుల్లో చనిపోయినవారున్నారు. ఈ ఘోరం చూసి కొందరు క్రైస్తవ పెద్దలు చందాలు పోగుచేయగా, లండను లైమ్‌హౌస్ ప్రాంతంలో 1857లో ఆసియా, ఆఫ్రికా నావికుల కోసం ‘స్ట్రేంజర్స్ హోమ్’ అనే బసను తెరిచారు. పంజాబు రాజ్యం పోగొట్టుకుని ఇంగ్లండులో ఉంటున్న మహారాజా దులీప్‌సింగ్ దీనికి 500 పౌన్లు ఇచ్చారు. హిందుస్తానీ నేర్చుకున్న జోసెఫ్ సాల్టర్ అనే ప్రచారకుడు ఏళ్ళ తరబడి లస్కార్ల మధ్య తిరిగారు. ఇది ఆష్లీ సంస్థకు చెందినది కాదు, కాని అదే కాలపు అదే ఆలోచన.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. వీరందరికీ మత ప్రచారం ఉద్దేశం ఉన్నమాట నిజం. పైగా, లస్కార్లకు అన్నం పెట్టడానికి చందా ఇచ్చిన దేశమే వాళ్ళ జీతం తక్కువగా ఉంచింది. జీతం సరిగా ఇచ్చి ఉంటే సత్రం ఎందుకు? ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా చలిలో వణుకుతున్న మనిషికి ఆ రాత్రి కావలసింది కప్పుకోవడానికి ఒక కంబళి. అది ఇచ్చిన చేతిని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ సేవ విస్తరించింది. 1920లో స్కాట్లండులోని గ్లాస్గోలో కాథలిక్కులు ‘అపోసిల్‌షిప్ ఆఫ్ ది సీ’ ప్రారంభించారు. ఇప్పుడు దాన్ని ‘స్టెల్లా మారిస్’ అంటున్నారు. 1969లో వివిధ చర్చిల నావిక సంస్థలు కలిసి ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నాయి. ఆడవాళ్ళు కూడా ఓడల్లో పనిచేస్తున్నారు గనుక ఆష్లీ సంస్థ పేరులోని ‘సీమెన్’ మాటను 2000లో ‘సీఫేరర్స్’గా మార్చారు. నేడది సుమారు 50 దేశాల్లో పనిచేస్తోంది. హిందువైనా, ముస్లిమైనా, ఏ మతమూ లేనివాడైనా వారి గుమ్మంలో అడ్డు లేదు.

ఓడ బతుకు మాత్రం సులువు కాలేదు. పూర్వం రేవులో ఓడ రోజుల తరబడి నిలిచేది, నావికుడు దిగి నాలుగు వీధులు తిరిగేవాడు. 1956లో కంటైనర్ల పద్ధతి వచ్చిన తరువాత క్రమంగా గంటల్లో సరుకు దించి పంపేయడం మొదలైంది. 2004 నుంచి భద్రతా నిబంధనలు గట్టిపడి, చాలా రేవుల్లో దిగడమే గగనమైంది. నావికుడు క్లబ్బుకు రాలేడు గనుక పాదిరే మళ్ళీ ఓడ మెట్లెక్కాల్సి వచ్చింది. ఆష్లీ చేసిన పనికే తిరిగి వచ్చారన్నమాట.

ఇప్పుడు నా సంగతి. 1980లలో నేను కాకినాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. లోతు నీటి రేవు రాకముందు పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకు బార్జీల మీద వచ్చేది. సాయంత్రం పిల్లలతో ఒడ్డున కూర్చుని ఆ దీపాలు లెక్కపెట్టేవాళ్ళం. ఆ దీపాల కింద మనుషులున్నారన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. ఒకరోజు ఒక నావికుడు కాగితం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. మన రాష్ట్రం వాడు కాదు. మూడు నెలలుగా జీతాల్లేవు, బియ్యం అయిపోవచ్చాయి, ఎవరికి చెప్పుకోవాలి అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. నేను కాగితం సగం చదివి, “ఇది మా సెక్షను కాదు” అని తిరిగి ఇచ్చేశాను. నేను చెప్పింది రూలు ప్రకారం తప్పు కాదు. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, నమస్కారం చేసి వెళ్ళిపోయాడు. ఏ సెక్షనో కనుక్కుని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టేది. మంచినీళ్ళు తాగమని కూడా అనలేదు.

అతని ఇబ్బందికి నేడు చట్టంలో పేరుంది. 2006 నాటి అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం 2013లో అమలుకు వచ్చింది. మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. 2017 నుంచి అమలైన సవరణ ప్రకారం, రెండు నెలల జీతం ఇవ్వకపోయినా ఆ నావికుణ్ణి యజమాని వదిలేసినట్టే లెక్క. నాలుగు నెలల వరకు బకాయి జీతం, తిండి, ఇంటికి చేరే ఖర్చు భరించడానికి ఓడకు బీమా ఉండి తీరాలి. అయినా 2024లో 312 ఓడల్లో 3,133 మంది నావికులను అలా వదిలేశారని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క తేల్చింది. వారిలో అందరికన్నా ఎక్కువ మంది, 899 మంది, మన భారతీయులే. చట్టం ఉంది, కానీ నడిసముద్రంలో ఉన్నవాడికి దాన్ని అందించే మనిషి కావాలి. ఆ మనిషి చాలాసార్లు ఓడెక్కి వచ్చిన ఒక పాదిరో, యూనియను ఇన్‌స్పెక్టరో అవుతున్నాడు.

పింఛనుదారులమైన మనకు ఒకటో తారీఖున డబ్బు రాకపోతే అడగడానికి ట్రెజరీ ఉంది, తోడు రావడానికి ఈ సంఘం ఉంది. ఈ రెండూ లేనివాడి కష్టం మనకు అర్థం కాకపోదు. మీ ఇళ్ళలో పిల్లలెవరైనా ఓడ ఉద్యోగానికి వెళ్తుంటే, పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో చూడండి. ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో ఉంచండి. ఓడ పేరు రాసి పెట్టుకోండి.

మా మేనల్లుడు 2021లో క్షేమంగా ఇంటికి చేరాడు. ఆ ఉన్ని టోపీని మా చెల్లెలు బీరువాలో భద్రంగా దాచింది. దాన్ని అల్లిన తల్లి ఎవరో మాకు తెలియదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ నావికుడూ, నాలుగు మడతల కాగితమూ గుర్తుకొస్తాయి.