సారె కావిడి - పాతచీరల బొంత

గంజాం సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పెద్దలను ఎవరిని కదలించినను వారి మాటలలో రెండు వస్తువులు తప్పక వచ్చును. ఒకటి సారె కావిడి. రెండవది పాతచీరల బొంత. మొదటిది నాలుగు దినములలో తిని వేయునది. రెండవది వెలలేని గుడ్డలతో కుట్టినది. అయినను మనవారి చరిత్ర వ్రాయదలచినవాడు జమీందారుల సనదులతో పాటు ఈ రెంటిని గూడ లెక్కలోనికి తీసికొనవలెనని నా మనవి. ఏలయన, సరిహద్దు మారిన పిమ్మట మన చుట్టఱికములు తెగిపోకుండ కాపాడినవి చాలవఱకు ఇట్టి వస్తువులే.

1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము బరంపురము, పర్లాకిమిడి, ఇచ్ఛాపురము, శ్రీకాకుళము అన్నియు చెన్నరాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన ఊళ్లే. ఆనాడు ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా బరంపురము, పర్లాకిమిడి అందు చేరెను. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళము చెన్నరాజధానిలోనే నిలిచి విశాఖపట్టణము జిల్లాలో కలిసెను. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము ప్రత్యేక జిల్లా అయినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమున చేరినది. బరంపురమునకును ఇచ్ఛాపురమునకును దూరము రమారమి 25 కిలోమీటర్లు మాత్రమే. కచేరీలు మారినవి, కచేరీల భాష మారినది. కాని ఆడపడుచుల అత్తవారిండ్లు ఎక్కడివక్కడనే యున్నవి. అన్న యొక రాష్ట్రమున, చెల్లెలు మఱియొక రాష్ట్రమున నుండుట మన యిండ్లలో సామాన్య విషయమైనది.

ఈ రెండిండ్ల నడుమ నడచినది సారె. పెండ్లియైన పిల్లను అత్తవారింటికి పంపునపుడును, పురుడు పోసికొని బిడ్డతో తిరిగి వెళ్లునపుడును పుట్టింటివారు అరిసెలు, చలిమిడి, లడ్డు, జంతికలు, సున్నుండలు చేసి యిత్తురు. అరిసెలు ఒక్కరివలన అగు పని కాదు. నానిన బియ్యమును తడిపిండిగా దంచుట ఒకరు, బెల్లపు పాకము చూచుట ఒకరు, ఒత్తుట ఒకరు, నూనెలోనుండి తీసి పీటపై నొక్కుట ఒకరు. పాకము ముదిరినచో అరిసె గట్టిపడును. లేతయైనచో నూనెలో విడిపోవును. కావున పొయ్యియొద్ద వీధిలోని పెద్దముత్తైదువ యొకామె తప్పక కూర్చుండెడిది. అట్లు చేసిన సారెను అత్తవారు తామే తినరు. వీధి వీధియంతయు ఇంటింటికి పంచుదురు. పంచునపుడు "ఇది మా కోడలి పుట్టింటి సారె" యని ఊరి పేరు చెప్పుదురు. ఇట్లు బరంపురము పేరు సోంపేట వీధులలోను, సోంపేట పేరు బరంపురము వీధులలోను అరిసెతో పాటు చేరుచుండెను.

సారెలో తినుబండారములే గాక ఆయా ఊళ్ల చేతిపనులును చేరెడివి. పర్లాకిమిడి కొమ్ము దువ్వెనలు, బూడితి ఇత్తడి చెంబులు, వలుగ చేప దవడతో దూదిని శుభ్రము చేసి వడకిన నూలుతో నేసిన పొందూరు పంచెలు, ఆడపిల్లలు ఆడుకొనుటకు ఏటికొప్పాక లక్క పిడతలు - వీనిలో ఏ యొకటియు యంత్రమున పుట్టినది కాదు. ఇచ్చువాడు ఆ పనివానిని ఎఱుగును. పుచ్చుకొనువాడు ఇచ్చినవానిని ఎఱుగును.

ఆరంభమున ఇవన్నియు కావిళ్ల మీదను, ఎడ్లబండ్ల మీదను పోయెడివి. 1893 మొదలు 1896 వఱకు తూర్పుతీరపు రైలుమార్గము క్రమముగా తెఱవబడిన పిమ్మట కావిడి రైలెక్కినది. 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పుగల చిన్నరైలు వచ్చెను. తరువాత అది గుణుపురము వఱకు సాగెను. పట్టాలు మార్చుటకై 2004లో ఆ చిన్నబండి నిలిచిపోయెను. ఇప్పుడు పెద్దబండ్లు నడచుచున్నవి. గిన్నెలకు వాసెన కట్టి, ఒడిలో పెట్టుకొని, "జరుగమ్మా, సారె" యనుచు ఆ చిన్నబండిలో చోటు చేసికొన్న ముసలమ్మలను చూచినవారు మనలో నింకను కొందఱు కలరు.

ఇక బొంత మాట. మన తల్లులు పాతచీరను పారవేసిన దినము లేదు. చిరిగిన చీరలో గట్టిభాగము పిల్లకు పరికిణీ అగును; మిగిలినది ఉయ్యాల అగును; అంచులు మూటలు కట్టుటకు, చివరి ముక్క మసిగుడ్డకు. క్రొత్తగా పుట్టిన బిడ్డకు తొలి పొత్తిలి అమ్మమ్మయో నాయనమ్మయో కట్టి యుతికి మెత్తపడిన చీరయే. క్రొత్తబట్ట ఒరసికొనునని ఒక కారణము. పెద్దవారి ఆయువు పిల్లకు రావలెనని మఱియొకటి. పొరలు పొరలుగా పఱచిన పాతచీరలు దూరపు కుట్లతో బొంత యగును. సంస్కృతమున దీనినే కంథ యందురు. ఒడియా, బెంగాలీ ఇండ్లలోను ఆ పేరే వాడుక. 1943లో బట్టల మీద ప్రభుత్వపు కంట్రోలు వచ్చి క్రొత్తగుడ్డ దుర్లభమైనపుడు ఈ పొదుపు అవసరమే యైనది. అవసరము తీరిన పిమ్మటను అలవాటు మిగిలినది.

నేను గుమాస్తాగా చేరిన క్రొత్తలో ఒక సంక్రాంతికి సెలవు దొరకలేదు. అమ్మ చేసిన అరిసెలను రేకుడబ్బాలో పెట్టి, సోంపేట వైపు పోవు తెలిసినవారిచేత అక్కకు పంపితిని. వారము దాటకుండ కార్డు వచ్చెను: "అరిసెలు చేరినవి. ఒక్కటియు విఱుగలేదు. నీవు మాత్రము చేరలేదు." ఆ పై ఆదివారమే అమ్మ కుట్టిన బొంతను చంకన పెట్టుకొని బండి యెక్కితిని. అక్క దానిని మంచముపై పఱచి, ఇది నాన్నగారి పంచె, ఇది అమ్మ దీపావళి చీర, ఇది నా చిన్ననాటి పరికిణీ యని ముక్క ముక్కకు పేరు పెట్టినది.

తరువాతి కాలమున ఒడియా బడిలో చదువుకొనిన మా అమ్మాయి సెలవులకు వెళ్లినపుడు ఆ బొంతమీదనే అత్తప్రక్కన పరుండి, "ఇది ఎవరిది?" యని యడుగుచుండెను. అత్త చెప్పుచుండెను. తాతయ్య, మేనత్త, పినతాత, వియ్యపురాలు - ఈ వరుసలన్నియు ఆమెకు అట్లే వచ్చినవి. ఒక వేసవి సెలవులు ముగిసి వచ్చిన పిమ్మట ఎవరును చెప్పకయే అత్తకు తెలుగున కార్డు వ్రాసినది. నాలుగు పంక్తులలో ఏడు తప్పులు. అక్క ఆ కార్డును దేవుని గూటిలో పెట్టుకొనినది.

ఈ యాచారమున మంచియే కలదని చెప్పుట సత్యము కాదు. సారెను కావిళ్ల లెక్కను కొలిచి కోడలిని సూటిపోటి మాటలనిన అత్తగార్లును మనలో నుండిరి. 1961లో వరకట్న నిషేధ శాసనము వచ్చినను ఆ లెక్కలు నేటికిని మానలేదు. చేతితో చేసినది వెలకు మారినప్పుడెల్ల ప్రేమ బాకీగా మారినది. అప్పుచేసి అంగడి మిఠాయిలు పంపిన తండ్రికంటె, నాలుగు అరిసెలు తీసికొని స్వయముగ వచ్చిన తండ్రి కూతురికి ఎక్కువ గౌరవము తెచ్చెనని నా యనుభవము.

పుట్టింటికి వచ్చుట యనునది దేవతలకును తప్పలేదు. బరంపురమున రెండేండ్లకొకసారి జరుగు ఠాకురాణీ యాత్రలో అమ్మవారు గుడి విడిచి దేశిబెహరా వీధిలోని తాత్కాలిక మందిరమునకు వచ్చును. నేతపనివారైన దేర కులపెద్ద, దేశిబెహరా, ఆమెను కూతురుగా నెంచి ఆహ్వానించును. ఆ కులమువారు తెలుగుసీమనుండి వచ్చినవారే. తిరిగి పంపు దినమున ఆ వీధి వారి కన్నులు చూచినవారికి ఇది ఉత్సవమో, ఆడపిల్లను అత్తవారింటికి పంపుటయో తెలియదు.

ఇప్పుడు డబ్బు క్షణములో చేరుచున్నది. సారెయు అందమైన పెట్టెలలో అంగళ్లలో దొరకుచున్నది. తీరికలేనివారికి అది మేలే. కాని డబ్బుతో పాటు మనిషి రాడు. మనిషి రానిచోట మాట రాదు. పొరుగు రాష్ట్రములలో నున్న మనకు బడిలో అంతగా దొరకని తెలుగు ఇంతకాలము రాకపోకలవలననే నిలిచినది. కావున ఏడాదికొక్కసారియైనను, చేతితో చేసినదొకటి తీసికొని, పిల్లలను వెంటబెట్టుకొని, సరిహద్దుకు ఆవలనున్న చుట్టముల యింట రెండు రాత్రులు నిద్రచేసి రండని కోరుచున్నాను.

అక్క పోయిన పిమ్మట మేనల్లుడు ఆ బొంతను తెచ్చి మా యింట నిచ్చెను. అంచులు చిరిగియుండెను. నిరుడు మా అమ్మాయి పుట్టింటికి వచ్చినపుడు తన పాతచీరను చించి దానికి క్రొత్త అంచు కట్టి పోయినది.