స్మార్ట్‌వాచ్‌లు: నిద్ర, గుండె వేగం కొలతల్లో తేడాలు

జంషెడ్‌పుర్‌లోని టాటా ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమల్లోకి వచ్చింది. ఇక్కడ రాత్రి షిఫ్టు చేసే కార్మికులకు పగటి నిద్రే ఆధారం. ఆ నిద్రను లెక్కించే వాచ్‌ను ఎంచుకునేటప్పుడు ముందుగా బ్యాటరీ సామర్థ్యాన్ని పరిశీలించాలి. ఒకసారి ఛార్జ్ చేస్తే యాపిల్ వాచ్ సిరీస్ 10 సుమారు 18 గంటలు, ఫిట్‌బిట్ వెర్సా 4 ఆరు రోజులకు పైగా పనిచేస్తాయని తయారీ సంస్థలు చెబుతున్నాయి.

రెండూ చర్మంపై ఆకుపచ్చ కాంతిని ప్రసరింపజేసి, రక్తప్రవాహంలోని మార్పుల ద్వారా గుండె వేగాన్ని గుర్తిస్తాయి. పట్టీ వదులైతే కొలత తప్పవచ్చు. నిద్ర దశలు మాత్రం కదలికలు, గుండె వేగం ఆధారంగా వేసే అంచనాలే. ఫిట్‌బిట్‌లో ఆ వివరాలకు కనీసం మూడు గంటల నిద్ర అవసరం.

ఈసీజీ సదుపాయం యాపిల్ వాచ్‌లో ఉంది, వెర్సా 4లో లేదు. అయితే ఆ ఈసీజీ కూడా గుండెపోటును గుర్తించలేదు. ఛాతీ నొప్పి వస్తే తక్షణం ఆసుపత్రికి వెళ్లడమే మార్గం.