తెగిన తీగ: కరెంటు ఏ దిక్కుకు?

11 కె.వి. తీగ తెగి నేల మీద పడితే సబ్‌స్టేషనులో బ్రేకరు ట్రిప్ అయి తీరుతుందని చాలామంది నమ్మకం. తడి నేలైతే సాధారణంగా అంతే. ఎండిన ఇసుకో, తారు రోడ్డో అయితే భూమిలోకి పోయే కరెంటు కొద్ది ఆంపియర్లే, ఒక్కోసారి అదీ ఉండదు. పదుల ఆంపియర్లకు సెట్ చేసిన రిలేకు అది ఆనదు. ట్రిప్ అయిందిలే అని ముట్టుకున్నవాడి ప్రాణం పోతుంది.

ఈ చిన్న కరెంటును పట్టడానికే సెన్సిటివ్ ఎర్త్ ఫాల్టు రిలే వచ్చింది. మూడు ఫేజుల కరెంట్లూ కలిపితే సున్న రావాలి. రాకపోతే తేడా భూమిలోకి పోయినట్టే. పద్దులు రాసిన మనకు ఇది కొత్త సంగతేమీ కాదు.

చిక్కు మరొకచోట వచ్చింది. 1917లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ ప్రొఫెసరు వాల్డెమార్ పీటర్సన్ న్యూట్రల్‌కూ భూమికీ మధ్య ఒక కాయిల్ పెట్టారు. లైన్లకు భూమితో సహజంగా ఉండే కెపాసిటివ్ కరెంటును ఆ కాయిల్ ఎదురు కరెంటుతో చెల్లువేస్తుంది. నిప్పురవ్వ తనంతట తానే ఆరిపోతుంది, సరఫరా ఆగదు. గొప్ప ఉపాయమే. కాని ఫాల్టు ఏ ఫీడరులో ఉందో చెప్పడం కష్టమైంది. బాగున్న ఫీడర్లలోనూ రిలేకు కరెంటు కనిపిస్తుంది, చెడినదాని కంటే ఎక్కువే కనిపించవచ్చు. ‘ఎంత’ అని మాత్రమే చూసే రిలే మంచి ఫీడరును పడగొడుతుంది. అందుకే ‘ఏ దిక్కుకు’ అని చూసే రిలే కావలసి వచ్చింది. కాయిల్ చెల్లువేయలేని కొద్దిపాటి వాట్ల భాగం చెడిన ఫీడరులో ఒక దిక్కుకు, మిగతావాటిలో ఎదురు దిక్కుకు పోతుంది. న్యూట్రల్ వోల్టేజిని ఆనవాలుగా పెట్టుకుని రిలే ఆ తేడా పడుతుంది. మొత్తం సరే, జమా ఖర్చా అని అడగడమన్నమాట!

2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, కిల్మోర్ ఈస్ట్ దగ్గర కొండల మధ్య 1,043 మీటర్ల స్పానులో తీగ తెగింది. ఆ మంటల్లో 119 మంది పోయారు. ఆనాటి మంటలన్నిటిలో కలిపి 173 మంది. అది ఒంటి తీగ లైను, తిరుగు కరెంటు భూమి గుండానే రావాలి. అటువంటి లైనులో మామూలు కరెంటేదో ఫాల్టు కరెంటేదో ఎర్త్ ఫాల్టు రిలే ఎట్లా చెప్పగలదు?

2016లో ఆ రాష్ట్రం 45 సబ్‌స్టేషన్ల 22 కె.వి. మూడు తీగల లైన్లకు కొత్త నిబంధన పెట్టింది. అర ఆంపియరు భూమిలోకి పోయినా గుర్తించి, 2 సెకన్లలో ఆ తీగ వోల్టేజిని 250కి దించాలి. అందుకు వాడినది, ఎలక్ట్రానిక్స్ తోడు చేసిన ఆ పాత పీటర్సన్ కాయిలే. ఒంటి తీగ లైన్లకు ఈ వైద్యం పనికిరాదు గనుక, ప్రమాదపు రోజుల్లో తెగిన తీగకు మళ్లీ మళ్లీ కరెంటు పంపకుండా సెట్ చేయగల రిక్లోజర్లు బిగించారు.