పుత్తూరు కట్టు, పామర్ పట్టు, ఓ బౌలర్ కుర్రాడి నడుము

మా తడ వైపు ఎవరికైనా చెయ్యో కాలో విరిగితే ఇంట్లో మొదట వినబడే మాట "పుత్తూరు తీసుకుపోండి" అనే. సత్యవేడు, నాగలాపురం మీదుగా పోతే పుత్తూరు. అక్కడికి దగ్గర్లోని రాచపాళెంలో రాజుల కుటుంబం 1881 నుంచీ కట్టు కడుతోందని చెబుతారు. మొదలుపెట్టింది కేశవరాజు అంటారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలు... సామాను అంతే. చెన్నై, బెంగుళూరు వీధుల్లో కూడా పుత్తూరు కట్టు అని బోర్డులు కనిపిస్తాయంటే ఆ పేరుకున్న పలుకుబడి ఎంతో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు ఇంకో రకం ప్రశ్న మొదలైంది. అకాడమీలో ఫాస్ట్ బౌలింగ్ చేసే పద్నాలుగేళ్ళ కుర్రాడికి నడుం నొప్పి. వాళ్ళ నాన్న ఫోన్లో కైరోప్రాక్టర్ వీడియోలు చూశాడు. మెడ ఇలా తిప్పగానే టక్, నడుం అలా నొక్కగానే టక్, పేషెంటు లేచి నవ్వుతూ నడిచిపోతాడు. "సాఫ్ట్‌వేర్ వాడివి కదా, కాస్త నెట్లో చూసి చెప్పు, చెన్నై కైరోప్రాక్టర్ మంచిదా, పుత్తూరు మంచిదా?" అని నన్నడిగారు. సాఫ్ట్‌వేర్ వాడికీ వెన్నుపూసకీ సంబంధమేంటో నాకూ తెలీదు గానీ, వెతుకుతూ పోతే మంచి చరిత్రే దొరికింది.

ముందుగా చెప్పాల్సింది, ఎముకలు సరిచేసేవాళ్ళు మన దగ్గరే కాదు, ఇంగ్లండులోనూ ఉండేవాళ్ళు. డిగ్రీలు లేవు, విద్య తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది, డాక్టర్లకు వీళ్ళంటే చులకన. అలాంటి రోజుల్లో, 1867లో, జేమ్స్ పేజెట్ అనే పేరున్న సర్జన్ ఈ ఎముకల వాళ్ళు నయం చేసే కేసుల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. వీళ్ళు కొందరికి హాని చేస్తారు, నిజమే, కానీ మనం నయం చేయలేని కొందరిని బాగుచేస్తున్నారు కూడా, ఆ మంచి నేర్చుకోండి, చెడు వదిలేయండి అని తోటి డాక్టర్లకు చెప్పాడు. ఆ కాలానికి అది ధైర్యమే.

ఆ మాటకు బతికిన ఉదాహరణ లివర్‌పూల్‌లో ఉంది. ఇవాన్ థామస్ అనే నాటు ఎముకల వైద్యుడు తన కొడుకుల్ని మెడికల్ కాలేజీకి పంపాడు. వాళ్ళలో ఒకడు హ్యూ ఓవెన్ థామస్ (1834-1891). విరిగిన ఎముకకు కావాల్సింది కదలకుండా ఉండే విశ్రాంతి అని పట్టుబట్టి, ఒక బద్ద తయారుచేశాడు. దాన్నే ఇప్పటికీ థామస్ స్ప్లింట్ అంటారు. ఆయన భార్య మేనల్లుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని వాడించాడు. తొడ ఎముక విరిగిన సైనికుల చావులు బాగా తగ్గాయి. మన వెదురు బద్ద కూడా చేసేది ఆ పనే కదా! విరిగినదాన్ని కదలనివ్వకపోవడం.

కైరోప్రాక్టిక్ ఇంకో దారిలో వచ్చింది. 1895 సెప్టెంబరులో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ అనే అయస్కాంత వైద్యుడు హార్వే లిల్లార్డ్ అనే ఉద్యోగి వీపు మీద ఒక పూసను నొక్కి సరిచేశానని, దాంతో అతని చెవుడు పోయిందని ప్రకటించాడు. రెండేళ్ళలో బడి పెట్టేశాడు. నూటికి 95 రోగాలకు కారణం పక్కకు జరిగిన వెన్నుపూసలే అని రాశాడు. నేను ఉలిక్కిపడింది ఇక్కడే. ఏ బగ్ వచ్చినా ఒకే ఫైలు మార్చే డెవలపర్ని మనం టీములో ఉంచుకుంటామా?

లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు పామర్ 1906లో జైలుకెళ్ళాడు. తర్వాత అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వీళ్ళతో కలిసి పనిచేయొద్దని డాక్టర్లను కట్టడి చేసింది. చెస్టర్ విల్క్, మరికొందరు కైరోప్రాక్టర్లు 1976లో కేసు వేశారు. 1987లో కోర్టు ఆ బహిష్కరణ చట్టవిరుద్ధమని తేల్చింది. ఈ తీర్పు చూపించి "కోర్టే ఒప్పుకుంది" అనేవాళ్ళున్నారు. కోర్టు తేల్చింది పోటీని తొక్కేయకూడదని, వైద్యం పనిచేస్తుందని కాదు. ఆ రెండూ వేరు.

మరి పనిచేయదా అంటే, పెద్దవాళ్ళ మామూలు నడుం నొప్పికి కొంత చేస్తుంది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించిన మార్గాల్లో వ్యాయామం, మసాజ్‌లతో పాటు వెన్ను సర్దుబాటు కూడా ఉంది. రోజూ పది గంటలు కుర్చీలో కూలబడే మనలాంటి వాళ్ళకు అది ఒక దారే, అద్భుతం మాత్రం కాదు.

అసలు తిరకాసు కుర్రాడి నడుముతో. బోస్టన్‌లో మిచెలి, వుడ్ అనే ఇద్దరు 1995లో ఒక పోలిక ప్రచురించారు. నడుం నొప్పితో స్పోర్ట్స్ క్లినిక్కుకు వచ్చిన 100 మంది టీనేజి ఆటగాళ్ళు ఒకవైపు, నడుం నొప్పి ఉన్న 100 మంది పెద్దలు ఒకవైపు. కుర్రాళ్ళలో 47 మందికి వెన్నుపూస వెనకనుండే సన్నటి ఎముక వంతెనలో పగులు ఉంది. పెద్దల్లో అది 5గురికే. పెద్దల్లో ఎక్కువగా కనిపించింది డిస్కు సమస్య. అంటే నొప్పి చోటు ఒకటే, కారణం వేరు! ఈ పగులును స్పాండిలోలైసిస్ అంటారు. వెనక్కి వంగుతూ, మెలితిరుగుతూ వందల బంతులు వేస్తే ఒక ఇనప తీగ వంచి వంచి తెగినట్టు వస్తుంది. మొదట్లో మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా.

ఈ రోగం ఎంత పెద్దవాళ్ళనూ వదల్లేదు. డెనిస్ లిల్లీ 1973 వెస్టిండీస్ పర్యటనలో ఇలాగే కూలబడ్డాడు. వెన్ను కదలకుండా ప్లాస్టర్ వేయించుకుని, తర్వాత నెలల తరబడి పద్ధతిగా ఒళ్ళు దిట్టం చేసుకుని, 1974-75లో మళ్ళీ ఇంగ్లండును హడలెత్తించాడు. అదే లిల్లీ 1987 నుంచి పాతికేళ్ళు మన పక్కనే, చెన్నైలోని ఎమ్మారెఫ్ పేస్ ఫౌండేషన్‌లో మన కుర్రాళ్ళకు బౌలింగ్ నేర్పాడు. బుమ్రాకు 2019లో నడుములో ఇదే తరహా పగులు, 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆపరేషను.

కాబట్టి కైరోప్రాక్టరా, పుత్తూరా అన్న ప్రశ్నే నాకు తప్పుగా తోచింది. అసలు ప్రశ్న: విరిగిందా, బిగిసిందా? విరిగినదాన్ని కదలనివ్వకూడదు, బిగిసినదాన్ని కదిలించాలి. చేతి ఎముక విరిగితే పుత్తూరులో తడిమి చెప్పగలరేమో గానీ, వెన్నులోని సన్న పగులు ఏ వేలికీ అందదు. దానికి ఎమ్మారై కావాలి. అందుకే వాళ్ళ నాన్నతో చెప్పిందిదే: ముందు బౌలింగ్ ఆపించండి, స్పోర్ట్స్ వైద్యం తెలిసిన ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. పగులుంటే కొన్ని నెలలు ఆట బంద్, తర్వాత ఫిజియోథెరపీ. పగులు లేదని తేలేదాకా నడుం మీద ఎవరి చెయ్యీ పడనీయకండి. కాలు తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రి.

"సీజను పోతుంది కదయ్యా" అన్నాడాయన. పోతే ఒక సీజను పోతుంది అన్నాను. లిల్లీకి ఒకటి కంటే ఎక్కువే పోయాయి.