మేస్త్రీ నుంచి బిల్డరు దాకా: డబ్బు ఎవరి చేతిలో ఉంది?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న పెద్దాయన ఎవరో గానీ, ఆయన కాలంలో బిల్డరు లేడు. మేస్త్రీ ఉన్నాడు. ఈ ఇద్దరికీ తేడా మనం అనుకునేంత చిన్నదేం కాదు. మేస్త్రీ చేతిలో తాపీ ఉంటుంది, డబ్బుండదు. బిల్డరు చేతిలో డబ్బుంటుంది, తాపీ ఉండదు. పైగా ఆ డబ్బు ఆయనది కాదు, మనది. ఇల్లు కట్టించుకోవడానికి సంబంధించిన గత యాభై ఏళ్ళ చరిత్రంతా ఈ రెండు ముక్కల్లోనే ఉందని నా అభిప్రాయం.

ముందు మేస్త్రీ కాలం సంగతి చూద్దాం. అప్పట్లో ఇల్లు కట్టడమంటే ఇంటాయనే ఇసుక తోలించుకోవాలి. ఇటుక బట్టీకెళ్ళి బేరమాడాలి. అడితీలో గుమ్మాలకి కలప ఎంచుకోవాలి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టి గదిలో పెట్టి తాళం వేసుకోవాలి. మేస్త్రీకిచ్చేది కూలి మాత్రమే. అదీ చేసిన పనికి, వారం వారం. పని నచ్చకపోతే వారాంతంలో లెక్క తేల్చి పంపించెయ్యొచ్చు. పోతే ఒక వారం కూలి పోతుంది గానీ ఇల్లు పోదు.

అలాగని అదేదో స్వర్ణయుగం అని నేననను. మొత్తం ఎంతవుతుందో గృహప్రవేశం దాకా ఎవరికీ తెలిసేది కాదు. స్లాబులో ఇనుము ఎంత వెయ్యాలన్నది చాలాచోట్ల మేస్త్రీ కంటి అంచనాయే. ఇంటాయన సెలవులు పెట్టుకుని ఎండలో గొడుగేసుకుని నిలబడాలి. గోడలకి నీళ్ళు కొట్టే డ్యూటీ ఇంట్లో పిల్లలది. ఇన్ని బాధలున్నా ఒక్కటి మాత్రం ఇంటాయనకి కలిసొచ్చేది: పని ముందు, డబ్బు వెనక.

హైదరాబాదులో అపార్ట్‌మెంట్లు రావడంతో ఇది తిరగబడింది. అయిదంతస్తుల భవనం కట్టడం ఒక గుమస్తా జీతంతో అయ్యే పని కాదు. దానికి పెట్టుబడి కావాలి, అనుమతులు కావాలి, ఇరవై మంది కొనుగోలుదార్లు కావాలి. కాబట్టి బిల్డరు పుట్టడం తప్పేమీ కాదు, అవసరమే. కానీ ఇంకా లేని ఇంటికి ముందే డబ్బు కట్టే అలవాటు అక్కడే మొదలైంది. 1987లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అపార్ట్‌మెంట్ల నిర్మాణం, యాజమాన్యాల మీద ఒక చట్టమే తెచ్చింది. అంటే అప్పటికే తగువులు బాగానే ముదిరాయన్నమాట.

ఇక మా మాదాపూర్ విషయానికొద్దాం. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. అంతకుముందు ఇక్కడ బండరాళ్ళూ, చిన్న ఊరూ, శిల్పారామం. ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలిసిందే. జనం దగ్గర జీతాలున్నాయి, బ్యాంకులు పిలిచి అప్పులిస్తున్నాయి, లేనిదల్లా టైమే. రాత్రి పదింటికి అమెరికా వాడితో కాల్ ఉన్నవాడు పొద్దున్నే ఇసుక లారీకి ఎదురెళ్ళలేడు. ఎవడో దేశంవాడు తన పని మనకి ఔట్‌సోర్స్ చేస్తే, ఆ జీతంతో మనం మన ఇల్లు బిల్డరుకి ఔట్‌సోర్స్ చేశాం. అదన్నమాట సంగతి.

మా ఫీల్డు వాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవ్వాలి. మేస్త్రీది టైమ్ అండ్ మెటీరియల్ కాంట్రాక్టు. బిల్డరుది ఫిక్స్‌డ్ బిడ్. ఫిక్స్‌డ్ బిడ్ ప్రాజెక్టులో లాభం ఎక్కణ్ణుంచి వస్తుందో మనకి వేరే చెప్పాలా? ఒకటి, ఒప్పందంలో రాయని ప్రతిదాన్నీ ఛేంజ్ రిక్వెస్ట్ చెయ్యడం. రెండు, కంటికి కనపడని చోట నాణ్యత తగ్గించడం. ఇవే రెండూ ఇంటి పనిలోనూ ఉంటాయి, పేర్లు మారతాయంతే. మొదటిదాన్ని "ఎక్స్‌ట్రా వర్క్" అంటారు. రెండోదానికి పేరు లేదు, అయిదేళ్ళ తర్వాత గోడ మీద చెమ్మ రూపంలో కనపడుతుంది.

మాదాపూర్ చరిత్రలో సాఫ్ట్‌వేరూ, ఇళ్ళూ ఒకేచోట గుద్దుకున్న సందర్భం ఒకటుంది. సత్యం. అప్పుడు నేను బళ్ళో చదువుకుంటున్నా, ఇంట్లో పెద్దవాళ్ళు టీవీ ముందు నుంచి లేవకపోవడం మాత్రం గుర్తుంది. ఆ కుటుంబానికే మేటాస్ అని నిర్మాణ కంపెనీలుండేవి (సత్యంని ఇంగ్లీషులో తిరగరాస్తే వచ్చే పేరే). బాచుపల్లిలో హిల్ కౌంటీ పేరుతో విల్లాలూ, ఫ్లాట్లూ మొదలుపెట్టారు. 2008 డిసెంబరు 16న మేటాస్ ప్రాపర్టీస్‌ని, మేటాస్ ఇన్‌ఫ్రాలో సగం పైగా వాటాని కలిపి సుమారు 160 కోట్ల డాలర్లకి సత్యం కొంటుందని ప్రకటించారు. వాటాదార్లు గోల చెయ్యడంతో గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపించిన నగదులో అయిదువేల కోట్ల పైచిలుకు లేనే లేదని, మేటాస్ కొనుగోలు ఆ గుంటని పూడ్చడానికి చేసిన చివరి ప్రయత్నమని ఆయనే రాసుకున్నాడు.

సాఫ్ట్‌వేర్ కంపెనీని మూడు నెలల్లో, 2009 ఏప్రిల్లోనే టెక్ మహీంద్రా కొనేసింది. ఉద్యోగాలు చాలావరకు నిలబడ్డాయి. ఇళ్ళ సంగతో? మేటాస్ ప్రాపర్టీస్ కంపెనీ లా బోర్డు దాకా వెళ్ళి, 2011లో గానీ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చేతికి రాలేదు. ఆ సంస్థ కూడా 2018లో అప్పుల్లో కూలింది, అది వేరే కథ. మధ్యలో ఇల్లు బుక్ చేసుకున్నవాడి సంగతి ఆలోచించండి. పని ఆగిపోయింది, బ్యాంకు వాయిదా ఆగలేదు. ఆ ఇంటి పునాదిలో ఏ లోపమూ లేకపోవచ్చు. డబ్బు ముందే చెయ్యి మారింది, అదొక్కటే లోపం.

ఇలాంటివి దేశమంతా జరిగాక 2016లో రెరా చట్టం వచ్చింది, తెలంగాణ 2017లో నియమాలు చేసుకుంది. అందులో నాకు నచ్చిన ముక్క ఒకటే. కొనుగోలుదార్ల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, పని ఎంత జరిగిందో ఇంజనీరూ, ఆర్కిటెక్టూ, సీఏ ధృవీకరించాకే ఆ మేరకు తియ్యాలి. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. నిర్మాణ లోపాలకి అయిదేళ్ళ పూచీ. చూడబోతే ఇది మన మేస్త్రీ వారం లెక్కే! పని ముందు, డబ్బు వెనక. దాన్ని చట్టం చెయ్యడానికి పార్లమెంటు కావలసొచ్చింది.

చట్టం ఉన్నా "ప్రీ-లాంచ్" అనగానే మనవాళ్ళు ఆగరు. అమీన్‌పూర్ ప్రాజెక్టు పేరుతో జనం దగ్గర వందల కోట్లు వసూలు చేశారన్న ఆరోపణల మీద 2022 డిసెంబరులో సాహితీ ఇన్‌ఫ్రా అధినేతని పోలీసులు అరెస్టు చేశారు. తక్కువ రేటు అని చెప్పినప్పుడల్లా నేను వినేది "డబ్బు ముందు" అనే.

ఇంతకీ నన్నిదంతా చదివించిన విషయం ఇప్పుడు చెప్తాను. బీరంగూడ వైపు మా నాన్నగారు ఎప్పుడో కొన్న 200 గజాల స్థలం ఉంది. ఆయన రిటైర్మెంటు డబ్బూ, నా పేరు మీద బ్యాంకు అప్పూ కలిపి ఇల్లు కట్టాలని మా ఆలోచన. ముగ్గురు బిల్డర్లు కొటేషన్లిచ్చారు. మూడింటిలోనూ పెద్ద వాయిదా గునపం దిగకముందే కట్టాలి. "రెరా ఉందిగా, భయమెందుకు" అన్నారు నాన్నగారు. లేదు. రెరా అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకి, అదీ 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఇళ్ళు దాటితే. సొంత స్థలంలో సొంతానికి కట్టించుకునే ఇంటికి 70 శాతం ఖాతా లేదు, ఎవరి ధృవీకరణా అక్కర్లేదు. మనకి మిగిలింది వినియోగదారుల చట్టం. 1993లో ఇళ్ళ నిర్మాణాన్ని కూడా అందులో "సేవ"గా చేర్చారు, కాబట్టి కమిషన్‌కి వెళ్ళొచ్చు. కానీ అది గొడవ జరిగాక వెళ్ళే చోటు. గొడవ జరక్కముందు మనకున్న చట్టం ఆ వంద రూపాయల స్టాంపు పేపరు మీద మనం రాసుకున్నదే.

కాబట్టి బిల్డరుతో ఇల్లు కట్టించుకునేవాళ్ళు ఏం ఎదురవుతుందనుకోవాలో నాకర్థమైనంతలో చెప్తాను.

చదరపు అడుగు రేటు అనేది సగం మాటే. దేని చదరపు అడుగు? చాలామంది స్లాబు విస్తీర్ణం మీద లెక్క కడతారు. బాల్కనీ, పోర్టికో, మెట్ల మీది గది అన్నీ అందులోకొస్తాయి. సంపు, ప్రహరీ, బోరు, గేటు మాత్రం బయటికిపోతాయి. ఇద్దరి రేట్లు పోల్చే ముందు ఈ జాబితా పోల్చాలి.

పన్ను కూడా చూసుకోవాలి. 2017 జీఎస్టీ నిబంధనల్లో సొంతానికి కట్టుకునే విడి ఇంటికి కూలి మాత్రమే ఒప్పందమైతే మినహాయింపుంది. మెటీరియల్‌తో కలిపి ఇస్తే 18 శాతం. మేస్త్రీ పద్ధతిని ప్రభుత్వం ఇంకా మర్చిపోలేదు, మనమే మర్చిపోయాం.

వాయిదాలు తేదీల ప్రకారం కాదు, పని ప్రకారం ఉండాలి: పునాది అయ్యాక ఇంత, స్లాబు అయ్యాక ఇంత, ప్లాస్టరింగ్ అయ్యాక ఇంత. ఒక 5 శాతమైనా గృహప్రవేశం తర్వాత ఒక వానాకాలం గడిచేదాకా మన దగ్గరే ఉండాలి. రెరా ఖాతా లేదు కాబట్టి ఆ ఖాతా మనమే అవ్వాలి.

స్లాబు పడ్డాక తొందరపడే బిల్డర్ని ఆపాలి. ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద కలిపిన సిమెంటుకి 10 రోజులు తడపాలి. బస్తా మీద ఏముందో చూడ్డానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఇనుము కట్టాక, కాంక్రీటు పోసే ముందు బయటి స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకసారి వచ్చి చూస్తే అయ్యే ఖర్చు మన టైల్స్ మోజు ముందు ఏ పాటిది?

చివరిగా కాగితాలు. 2020 నుంచి చిన్న ఇళ్ళకి అనుమతి స్వీయ ధృవీకరణ మీదే వస్తోంది. ఆ సంతకం మనది. ప్లాను తప్పి కడితే కూలేది మన గోడ, బిల్డరుది కాదు. 2014లో ఇక్కడే అయ్యప్ప సొసైటీలో గురుకుల్ ట్రస్టు భూముల్లో కట్టడాలు కూల్చారు. కట్టుబడి ఎంత గట్టిదో అప్పుడు ఎవరూ అడగలేదు.

బిల్డర్లందరూ దొంగలని నా ఉద్దేశం కాదు. ఇదంతా చెప్తే ముగ్గురిలో ఒకాయన "ఎవరూ ఇలా అడగరు సార్" అన్నాడు, ఇంకొకాయన మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. మూడో ఆయన వాయిదాల కాగితం మళ్ళీ రాసుకొచ్చాడు, చదరపు అడుగుకి కొంచెం ఎక్కువ అడిగాడు. మా నాన్నగారికి ఆ ఎక్కువ నచ్చలేదు. నాకు మాత్రం ఆ ముగ్గురిలో అసలు రేటు చెప్పినవాడు అతనొక్కడేననిపించింది.