ఇంటి కంప్యూటరునకు ద్వారపాలకుడు

జమ్మలమడుగునకు పడమట, పెన్నానది ఎర్రమల కొండలను కోసికొని ప్రవహించుచోట గండికోట యున్నది. ఒకవైపు లోతైన లోయ, తక్కిన వైపుల ఎత్తైన రాతిగోడ. లోనికి పోగోరువారు ద్వారము గుండానే పోవలెను. కోటలోని ప్రతి యింటికిని వేరువేరుగా కావలి యుంచుటకంటె ద్వారమును కాచుట సులభమని పూర్వులు గ్రహించిరి. ఇంటర్నెట్టుతో కలుపబడిన కంప్యూటరునకు ‘ఫైర్‌వాలు’ చేయు పని యిదియే.

ఫైర్‌వాలు అను మాట కంప్యూటర్లకంటె పాతది. ఒక భవనమున అంటుకొనిన మంట ప్రక్కభాగమునకు ప్రాకకుండ కట్టు గోడకు ఆ పేరు. కంప్యూటర్లయందు దీని పని యేమి? ఇంటర్నెట్టులో సమాచారము చిన్న చిన్న పొట్లములుగా ప్రయాణము చేయును. ఉత్తరముపై వలెనే ప్రతి పొట్లముపైనను పంపిన యంత్రము చిరునామా, చేరవలసిన యంత్రము చిరునామా, ఆ యంత్రమున ఏ ద్వారమునకు పోవలెనో తెలుపు సంఖ్య ఉండును. ఈ ద్వారములకు పోర్టులని పేరు. ఒక్కొక్క కంప్యూటరునకు ఇట్టివి 65 వేలకు పైగా కలవు. తొలినాటి ఫైర్‌వాలు పొట్లమును విప్పి చూడదు. పైనున్న చిరునామాను నియమముల పట్టికతో సరిచూచి, లోనికి విడుచును, లేదా త్రోసివేయును. పని యింత స్వల్పమగుట వలననే మంచి ఫైర్‌వాలు తేలికగా నుండుట సాధ్యమైనది.

ఇట్టి కావలి అవసరమని లోకమునకు తెలిపిన సంఘటన 1988 నవంబరు 2న జరిగినది. అమెరికాలో రాబర్టు మోరిస్ అను విద్యార్థి వ్రాసిన ఒక ప్రోగ్రాము, తనంత తానే ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ప్రాకుచు పోయెను. ఆనాడు ఇంటర్నెట్టున నున్న కంప్యూటర్లలో సుమారు పదింట ఒకటి దీనిచే స్తంభించెనని అప్పటి అంచనా. అంతవరకు పరస్పర విశ్వాసముతో తలుపులు తెరచి యుంచిన విశ్వవిద్యాలయములు, సంస్థలు ఆ పిమ్మట ద్వారములకు కావలి పెట్టసాగెను. 1994లో చెస్‌విక్, బెల్లోవిన్ అను శాస్త్రజ్ఞులు ఈ విద్యను గూర్చి ప్రామాణిక గ్రంథమును వెలువరించిరి. లోపలివారు అడిగినదానికి వచ్చిన జవాబేదో, అడుగకయే వచ్చిన పొట్లమేదో గుర్తుంచుకొని తేల్చగల ఫైర్‌వాలులు కూడ ఆ కాలముననే బజారునకు వచ్చెను.

అయితే ఇవి యన్నియు పెద్ద సంస్థల కొరకు ఏర్పడినవి. మన దేశమున సామాన్య ప్రజలకు 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టు లభించినప్పుడు, టెలిఫోను ద్వారా కొలది నిమిషములు కలిసి విడిపోవుటయే ఆచారము. తరువాత బ్రాడ్‌బాండు వచ్చెను. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ ప్రారంభమయ్యెను. నేడు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలోని లెక్కల కంప్యూటరు గాని, పులివెందుల ఇంజనీరింగు విద్యార్థి ల్యాప్‌టాపు గాని దినమంతయు ఇంటర్నెట్టుతో కలిసియే యుండును. ద్వారము సదా తెరచియున్న యింటికి కావలి కూడ సదా కావలెను గదా!

ఇండ్లలోని కంప్యూటర్లకు ఉచిత ఫైర్‌వాలులు 2000 ప్రాంతమున ప్రసిద్ధికి వచ్చెను. వానిలో జోన్‌అలారం ముఖ్యమైనది. అది లోనికి వచ్చువారినే గాక, కంప్యూటరునుండి వెలుపలికి పోగోరు ప్రోగ్రాములను గూడ ఆపి యజమానిని అడుగుచుండెను. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో ఒక ఫైర్‌వాలును ముందుగానే అమర్చిరి. కాని దానిని ఆపివేసి యుంచిరి. యజమాని స్వయముగ వెదకి ప్రారంభింపవలెను. ఆ పని చేసినవారు కొద్దిమంది.

దాని ఫలితము 2003 ఆగస్టు 11న కనబడినది. బ్లాస్టరు అను పురుగు 135వ పోర్టు గుండా చొరబడి లక్షలకొలది కంప్యూటర్లను తమంత తామే ఆగి మరల ప్రారంభమగునట్లు చేసెను. దోషమును సరిచేయు సవరణ దానికి సుమారు నెలదినముల ముందే, జూలై 16న విడుదలయైనది. ఫైర్‌వాలును యంత్రము కొనిననాడే ఇచ్చియుండిరి. తలుపున్నది, గడియ వేయలేదు. మరుసటి సంవత్సరము, అనగా 2004 ఆగస్టులో, వెలువడిన రెండవ సర్వీసు ప్యాకులో ఫైర్‌వాలు మొదటినుండియే పనిచేయునట్లు మార్పు చేసిరి. ఫైర్‌వాలు ఎంత గొప్పది అను ప్రశ్నకంటె, అది పనిచేయుచున్నదా అను ప్రశ్నయే ముఖ్యమని ఈ చరిత్ర బోధించుచున్నది.

లినక్స్ వ్యవస్థలో 2001 నుండి ఐపీటేబుల్స్ అను ఉచిత ఫైర్‌వాలు దాని గర్భముననే కలదు. నియమములను వ్రాయుట కఠినముగా నుండుటచే, 2008లో ఉబుంటు వారు యు.ఎఫ్.డబ్ల్యు. అను సులభ సాధనమును చేర్చిరి. ఇది ఉచితము, మిక్కిలి తేలిక. కాని ఉబుంటులో నేటికిని దీనిని వినియోగదారుడే ప్రారంభింపవలెను.

కావలి విషయమున ఏమరుపాటునకు ఫలితము మన రాష్ట్రముననే కనబడినది. 2017 మే 12న వానాక్రై అను పురుగు 445వ పోర్టు గుండా ప్రపంచమంతట వ్యాపించి, ఫైళ్ళకు తాళము వేసి, ధనమును కోరెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని దానికి గురియయ్యెను. దాని విరుగుడు సవరణ ఆ యేడు మార్చిలోనే వెలువడి యుండెను.

ఇక ఇంటి కంప్యూటరునకు దేనిని ఎన్నుకొనవలెను? మొదట, యంత్రముతో వచ్చిన ఫైర్‌వాలు పనిచేయుచున్నదో లేదో చూడవలెను. లోనికి రాగోరు పిలువని పొట్లములను అది ఆపుచున్నచో సామాన్య గృహమునకు అదియే చాలును. వెలుపలికి పోవు ప్రోగ్రాములను గూడ అదుపు చేయగోరినచో టైనీవాల్ వంటి చిన్న ఉచిత సాధనము కలదు. ఇది విండోస్ లోని వడపోత యంత్రాంగమునే ఆధారముగా గొని, మాటిమాటికి ప్రశ్నలు వేయక పనిచేయును. ప్రశ్నలు మిక్కుటమైనచో యజమాని విసిగి అన్నిటికిని ‘సరే’ యనుట అలవాటు చేసికొనును. వేర్వేరు సంస్థల ఫైర్‌వాలులను రెంటిని ఒకేసారి నడుపరాదు. రెండును ఒకదాని నొకటి అడ్డుకొని యంత్రమును మందగింపజేయును. ఉచిత సాధనమును దానిని తయారుచేసినవారి స్థానమునుండియే గ్రహింపవలెను.

ఇంటిలోని రౌటరు పెట్టె కూడ వెలుపలినుండి పిలువక వచ్చు పొట్లములను చాలవరకు ఆపును. అయితే కళాశాల వసతిగృహమున ఒకే వైఫైతో కలిసిన నూరు యంత్రములలో ఒకదానికి పురుగు పట్టినచో, అది రౌటరును దాటనక్కర లేకయే ప్రక్క యంత్రమును చేరగలదు. కావున అట్టిచోట్ల విండోసులో ఆ నెట్‌వర్కును ‘పబ్లిక్’ అని గుర్తించి, కంప్యూటరు లోపలి ఫైర్‌వాలును తప్పక నడుపవలెను.

గండికోట యెంత దుర్గమమైనను, 17వ శతాబ్ది మధ్యభాగమున గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమయ్యెను. గోడ యొక్కటియే ఏ కోటను కాపాడలేదు. బ్యాంకు రహస్యసంఖ్యను టెలిఫోనులో అపరిచితునకు చెప్పువానిని ఫైర్‌వాలు రక్షింపలేదు. సవరణలు నిలిచిపోయిన పాత విండోసులోని దోషములను అది మాన్పలేదు. ఉపాధ్యాయులు పాఠశాల కంప్యూటరు వద్ద విద్యార్థులచే మూడు ప్రశ్నలు వేయింపవచ్చును: ఫైర్‌వాలు పనిచేయుచున్నదా? సవరణలు అందుచున్నవా? ముఖ్యమైన ఫైళ్ళకు నకలు వేరొకచోట నున్నదా? ఈ పరీక్షకు పట్టు కాలము పది నిమిషములు. దీనికి ధనవ్యయము లేదు.